కొండ దిగాక మోగిన నిన్నటి రేటు

ఫోన్లకి మెసేజ్‌లు పంపే ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. పంపేస్తే పని అయిపోయిందనుకుంటాం. మన సర్వర్ నుంచి మెసేజ్ గూగుల్‌కో ఆపిల్‌కో వెళ్తుంది, అటు నుంచి 200 అని జవాబొస్తుంది, స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడుతుంది. ఆ 200కి ఉన్న అర్థమల్లా ‘మీ మెసేజ్ మాకు అందింది, చేరవేయడానికి చూస్తాం’ అని. అవతలి ఫోన్ మోగిందో లేదో అది చెప్పదు. ఆ మనిషి చదివాడో లేదో అసలే చెప్పదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని పనిచేసేవాళ్లకి ఈ తేడా ఎప్పుడో గానీ తగలదు. పర్లాకిమిడిలో ఉండి ఇదే పని చేసుకుంటున్న నాకు రోజూ తగులుతుంది.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. రియల్ టైమ్ అన్నదాన్ని పంపేవాడి గడియారంతో కొలవకూడదు, అందుకునేవాడి గడియారంతో కొలవాలి. మెసేజ్ ఆలస్యమైతే ఏం జరగాలి, అసలు రాకపోతే ఏం జరగాలి, ఈ రెండూ ముందు తేల్చుకున్నాకే పంపే కోడ్ మొదలుపెట్టాలి. ఇప్పుడు చాలా యాప్‌లలో దీనికి తలకిందులుగా జరుగుతోంది.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకి రెండు మాటలు. ఒడిశాలో గజపతి జిల్లాకి పర్లాకిమిడి కేంద్రం. ఊరు దాటగానే ఆంధ్రా, అటువైపు పాతపట్నం. ఊళ్లో ఉన్నంతసేపూ సిగ్నల్‌కి ఢోకా లేదు. మోహన, గుమ్మ, ఆర్. ఉదయగిరి వైపు ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాక ఒక మలుపులో నాలుగు గీతలుంటే తర్వాతి మలుపులో ఒక్కటీ ఉండదు. అక్కడ సవర పల్లెలున్నాయి, జీడితోటలున్నాయి, వారం వారం సంతలున్నాయి. ఊళ్లో కొట్లు నడిపేవాళ్ల వ్యాపారం సగం ఆ కొండల మీదే.

మెసేజ్ ఫోన్‌కి ఎలా చేరుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. మీ ఫోన్లో యాభై యాప్‌లుంటే యాభై యాప్‌లూ ఎవరి సర్వర్‌తో వాళ్లు మాట్లాడుకుంటూ కూర్చోవు. అలా చేస్తే మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది. అందుకే ఆపిల్ 2009లో, గూగుల్ 2010లో అన్ని యాప్‌లకీ కలిపి ఒకే దారి పెట్టాయి. గూగుల్‌ది ఇప్పుడు ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ పేరుతో నడుస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్‌తో ఒక కనెక్షన్ తెరిచి అలాగే ఉంచుతుంది, మామూలుగా 5228 పోర్టు మీద. ఎవరి మెసేజ్ అయినా అందులోంచే రావాలి.

ఆ కనెక్షన్ మీద ఎక్కువసేపు ఏమీ నడవకపోతే మధ్యలో ఉన్న మొబైల్ కంపెనీ పరికరాలు దాన్ని మరచిపోతాయి. ఒకే ఇంటర్నెట్ అడ్రసును వందల ఫోన్లకి పంచి ఇచ్చే ఏర్పాటు వాళ్లది. మాట్లాడని కనెక్షన్‌ని పట్టికలోంచి తీసేస్తే వాళ్లకి చోటు కలిసొస్తుంది. కనీసం రెండు గంటల నాలుగు నిమిషాలు ఆగాలని ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 5382 చెబుతుంది గానీ వాడుకలో చాలాచోట్ల నిమిషాల్లోనే తీసేస్తారు. అప్పుడు ఫోనేమో కనెక్షన్ ఉందనుకుంటుంది, సర్వరూ ఉందనే అనుకుంటుంది, మధ్యలో దారి మాత్రం ఉండదు. అందుకే ఫోన్ అప్పుడప్పుడు చిన్న పలకరింపు పంపుతుంటుంది. ఆ పలకరింపుకి జవాబు రాకపోతే గానీ కనెక్షన్ పోయిన సంగతి దానికి తెలియదు. ఘాటీలో టవర్ నుంచి టవర్‌కి మారుతున్న ఫోన్లో ఇదంతా ఎన్నిసార్లు తెగి ఎన్నిసార్లు అతుక్కుంటుందో ఊహించుకోండి.

పైగా నిద్ర ఒకటి. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది. చార్జర్ పెట్టకుండా, స్క్రీన్ ఆపి, కదలకుండా ఉంచిన ఫోన్ కాసేపటికి గాఢనిద్రలోకి పోతుంది. మామూలు ప్రాధాన్యంతో పంపిన మెసేజ్‌లు అది మళ్లీ కాస్త కళ్లు తెరిచేదాకా ఆగుతాయి. గల్లాపెట్టె మీద పెట్టిన ఫోన్ చేసేది సరిగ్గా అదే. కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా ముందుకెళ్లి, చార్జింగ్ మిగల్చడం కోసం యాప్‌నే మూసేస్తాయి. పూర్తిగా ఆపేసిన యాప్‌కి, మళ్లీ మనిషి వేలితో తెరిచేదాకా ఏ మెసేజూ అందదు.

ఇక జీడి పిక్కల సంగతి. మా చిన్నాన్న కొండ తోటల నుంచి పిక్కలు కొని పలాస–కాశీబుగ్గ ఫ్యాక్టరీలకి వేస్తాడు. లెక్కంతా 80 కిలోల బస్తా మీద. సీజన్లో రేటు పొద్దుటికి ఒకటి, సాయంత్రానికి ఒకటి. రేట్లు చెప్పే యాప్ ఒకటి వ్యాపారుల్లో బాగా తిరిగింది. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. చిన్నాన్న వ్యాన్‌తో పైకెళ్లి తోటల దగ్గర బేరాలు చూసుకుని దిగొస్తుంటే, సిగ్నల్ అందిన మలుపులో ఫోన్ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. వరసగా నాలుగు రేట్లు. నాలుగింటి పక్కనా ‘ఇప్పుడే’ అని ఉంది.

‘ఒరే బాబూ, ఇందుల ఇయ్యాల్టి రేటేదిరా? అన్నీ ఇప్పుడే అంటంది. ఏటి నమ్మాల?’

ఆ ప్రశ్నకి ఆ స్క్రీన్ మీద జవాబు లేదు. నోటిఫికేషన్ పక్కన కనపడే సమయం, ప్రత్యేకంగా చెప్పకపోతే, ఫోన్ దాన్ని చూపించిన సమయం. రేటు ఎప్పటిదో అందులో ఉండదు. సంగతి ఎప్పుడు జరిగిందో చెప్పడానికి ఫైర్‌బేస్‌లో ఈవెంట్ టైమ్ అనే గడి ఒకటుంది, అది నింపలేదు. మెసేజ్ లోపల తేదీ రాయలేదు. పంపిన వరసలోనే చేరతాయన్న హామీ కూడా ఈ దారిలో లేదు, కాబట్టి అన్నిటికంటే పైన కనపడేదే కొత్తదని అనుకోవడానికీ లేదు. పైన ఉన్నది ముందురోజు సాయంత్రపు రేటని ఫ్యాక్టరీకి ఫోన్ చేసి అడిగాకే తెలిసింది. అదే నమ్మి ఒక తోటలో మాటిచ్చేసి ఉంటే నష్టం చిన్నాన్నదో రైతుదో అయ్యేది. కొండ మీద పిక్కలమ్మే మనిషికి బస్తా మీద తేడా అంటే ఇంటి సామాన్ల ఖర్చు.

ఈ నష్టం తప్పించడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదన్నదే నన్ను బాధిస్తుంది. ప్రతి మెసేజ్‌కీ గడువు పెట్టొచ్చు. పెట్టకపోతే గూగుల్ దాన్ని నాలుగు వారాల పాటు దాచి, ఫోన్ ఎప్పుడు దొరికితే అప్పుడు అందిస్తుంది. ఊరెళ్లిన బంధువు కబురుకి నాలుగు వారాలు బాగానే ఉంటుంది. పూటకోసారి మారే రేటుకి అది శుద్ధ తప్పు. గడువు సున్నా పెడితే ఫోన్ ఇప్పుడు అందుబాటులో ఉంటే సరే, లేకపోతే వదిలేయమని అర్థం. ఆపిల్‌కీ ఇలాంటి గడువే ఉంది. బ్రౌజర్లకి పంపే వెబ్ పుష్ ప్రమాణం, 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8030, ఇంకా మంచి పని చేసింది. గడువు రాయకుండా మెసేజ్ పంపనే కూడదంది. ఆ నియమం పెట్టినవాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. పంపేవాడు మరచిపోవడానికి వీల్లేకుండా, ‘ఈ కబురు ఎంతసేపు నిజం?’ అని ముందే అడుగుతుంది.

రెండోది, కొత్తది రాగానే పాతదాన్ని తుడిచేయడం. ఒకే గుర్తింపు పేరుతో పంపిన మెసేజ్‌లలో చివరిదే మిగిలేలా చేసే సదుపాయం గూగుల్, ఆపిల్, వెబ్ పుష్ మూడింటిలోనూ ఉంది. రేటు, బస్సు ఎక్కడుందో చెప్పే కబురు, ఆసుపత్రి టోకెన్ నంబరు, వీటన్నిటికీ చివరిదొక్కటే కావాలి. చిన్నాన్న ఫోన్లో నాలుగు మోగాల్సిన చోట ఒక్కటే మోగేది. ఇలా తుడిచేయకుండా పంపుతూ పోతే ఇంకో ప్రమాదముంది. ఫోన్ అందుబాటులో లేనప్పుడు ఒక యాప్‌కి వంద మెసేజ్‌లకి మించి పేరుకుంటే గూగుల్ అన్నిటినీ పారేస్తుంది. ఫోన్ తిరిగి దొరికాక ‘కొన్ని పోయాయి, మీ సర్వర్‌ని అడిగి తెచ్చుకోండి’ అని యాప్‌కి ఒక్క సంకేతం ఇస్తుంది. ఆ సంకేతాన్ని పట్టించుకునే కోడ్ రాసిన యాప్‌లు నాకు బహు తక్కువ కనపడ్డాయి.

ఇలా సర్వర్ తనంతట తనే ఫోన్‌కి తోసే మెసేజ్‌ని పుష్ అంటారు. నా దృష్టిలో పుష్ మెసేజ్ తలుపు తట్టడం వరకే. అసలు సమాచారం మన సర్వర్ దగ్గర వరస నంబర్లతో భద్రంగా ఉండాలి. తలుపు చప్పుడు వినపడితే యాప్ లేచి ‘నా దగ్గర 418 దాకా ఉన్నాయి, ఆ తర్వాతవి ఇవ్వు’ అని అడగాలి. చప్పుడు వినపడకపోయినా, మనిషి యాప్ తెరవగానే అదే ప్రశ్న అడగాలి. అప్పుడు పుష్ పోయినా కబురు పోదు. రెండుసార్లు వచ్చినా నంబరు చూసి రెండోదాన్ని వదిలేస్తుంది.

వెబ్ పేజీ తెరిచి ఉన్నప్పుడూ సూత్రం ఇదే. 2011లో ప్రమాణమైన వెబ్‌సాకెట్ అంటే అందరికీ మోజు. అటూ ఇటూ చకచకా మాట్లాడుకోవచ్చు, నిజమే. కానీ కనెక్షన్ తెగి మళ్లీ కలిస్తే మధ్యలో ఏం పోయిందో వెబ్‌సాకెట్‌కి తెలియదు, ఆ లెక్క మనమే రాసుకోవాలి. సర్వర్ నుంచి ఒకవైపుకే పారే సర్వర్ సెంట్ ఈవెంట్స్ అనే పాత, సాదా పద్ధతిలో ఆ లెక్క పుట్టుకతోనే ఉంది. తెగితే బ్రౌజర్ తనంతట తనే మళ్లీ కలుస్తుంది, కలుస్తూనే తనకి చివరగా అందిన మెసేజ్ నంబరు చెబుతుంది. రేట్ల బోర్డుకీ టోకెన్ల బోర్డుకీ అది చాలు. అయినా అందరూ వెబ్‌సాకెట్ వైపే పరిగెడతారు. చాట్‌కీ ఆటలకీ అది కావాలి గానీ, చెప్పడమే తప్ప వినే పని లేని చోట ఎందుకు? చిన్న చిన్న పరికరాలు కబుర్లు పంపుకోవడానికి వాడే ఎంక్యూటీటీ అనే పద్ధతి చరిత్ర కూడా ఈ సందర్భంలో తలచుకోదగ్గదే. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దాన్ని తయారుచేసింది చమురు పైపులైన్ల కోసం, ఖరీదైన, సన్నని శాటిలైట్ లింకుల మీద నడవడానికి. లింకు తెగుతుందన్నది వాళ్లు మొదటి రోజే ఒప్పుకున్నారు. అందుకే మెసేజ్ ఒక్కసారి పంపి వదిలేయాలా, కనీసం ఒక్కసారైనా చేరేదాకా పంపాలా, కచ్చితంగా ఒక్కసారే చేరాలా అన్నది పంపేవాడు ఎంచుకునేలా పెట్టారు.

‘ఇప్పుడు 4జీ అన్నిచోట్లా వచ్చేసింది, ఇంకా ఈ పాత కబుర్లేంటి?’ అని స్నేహితులు అంటుంటారు. 4జీ వచ్చింది, సంతోషమే. వచ్చినచోట కూడా ఫోన్ నిద్రపోతుంది, ప్యాక్ అయిపోతుంది, కరెంటు పోయి టవర్ బ్యాటరీ దిగిపోతుంది. ‘అన్నీ హై ప్రయారిటీతో పంపేస్తే సరి’ అనేవాళ్లూ ఉన్నారు. హై ప్రయారిటీ డోజ్‌లో ఉన్న ఫోన్‌ని కూడా లేపుతుంది. అలా లేపి మనిషికి కనపడేది ఏమీ చూపించకపోతే గూగుల్ ఆ యాప్ మెసేజ్‌ల ప్రాధాన్యం తగ్గించేయవచ్చు. మనుషులూ అంతే. లోన్ ఆఫర్లు, డిస్కౌంట్లు, పండగ శుభాకాంక్షలు, అన్నీ ఒకే గంటతో మోగితే విసుగొచ్చి మొత్తం కట్టేస్తారు. 2017లో ఆండ్రాయిడ్ 8 నోటిఫికేషన్లని రకాలుగా విడగొట్టే వీలిచ్చింది. రేట్లు ఒక రకం, ఆఫర్లు ఇంకో రకంగా పెడితే మనిషి ఆఫర్లని మాత్రమే కట్టేసుకోగలడు. ఆ పని చేయకుండా అన్నిటినీ ఒకే మూటలో కట్టే యాప్‌ల మీద నాకు నిజంగా కోపమొస్తుంది. ఆఫర్లు అమ్ముకోవడం కోసం జనానికి అవసరమైన గంటని పాడుచేస్తున్నారు.

భాష విషయంలో మాకున్న ఇబ్బంది సరిహద్దుల్లో ఉన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. యాప్‌లో పిన్‌కోడ్ ఇవ్వగానే ఒడిశా అని గుర్తుపట్టి ఒడియాలో మెసేజ్‌లు పంపుతారు. మా అమ్మలాంటి వాళ్లు ఒడియా మాట్లాడతారు, బజారులో బేరం కూడా ఒడియాలోనే. చదవడం మాత్రం తెలుగే వచ్చు. ఫోన్ మెనూ చూస్తే ఇంగ్లీషు. పిన్‌కోడ్‌ని బట్టి, సిమ్‌ని బట్టి, ఫోన్ మెనూని బట్టి, దేన్ని బట్టి ఊహించినా ఆవిడ చదవగల భాష తేలదు. ఒక్కసారి అడగాలి. అడిగి, ఆ జవాబుని ఆ ఫోన్ టోకెన్ (మెసేజ్ ఏ ఫోన్‌కి వెళ్లాలో చెప్పే గుర్తు) పక్కనే సర్వర్‌లో రాసుకోవాలి. లేదా మెసేజ్‌లో విషయం మాత్రం పంపి, వాక్యాన్ని ఫోన్లోని యాప్ తను ఎంచుకున్న భాషలో కట్టాలి. రెండూ కష్టమైన పనులేం కావు.

ఆ వాక్యం కూడా జనం మాట్లాడేలా ఉండాలి. ఇది అడగడానికి పర్లాకిమిడి వాళ్లకి కాస్త ఎక్కువ హక్కుందనుకుంటాను. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, సవర భాష నేర్చుకున్నారు, వాడుక భాషలో రాయాలని పోరాడారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అటు కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన తిరిగిన వీధుల్లో ఇప్పటికీ ‘నదీ ప్రవాహ ఉధృతి దృష్ట్యా పరీవాహక ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను’ తరహా కబుర్లు ఫోన్లో మోగుతున్నాయి. ‘వంశధారలో నీరు పెరుగుతోంది, నదిలోకి దిగకండి’ అంటే ఏం తక్కువైంది? కంప్యూటర్ లెక్కలో అది 42 గుర్తులు. తెలుగులో రాసే ఎస్సెమ్మెస్ ఒక్కోదానికి 70 గుర్తుల చోటుంటుంది, ఒక్కదాంట్లో హాయిగా పడుతుంది. తెలుగులో ఒత్తులకీ గుణింతాలకీ విడివిడిగా చోటు కావాలి. స్త్రీ అని ఒక్క అక్షరం రాస్తే ఆరు గుర్తులు, 18 బైట్లు. గ్రాంథికంలో సాగదీసి రాసిన హెచ్చరిక 70 దాటితే రెండు మూడు ఎస్సెమ్మెస్‌లుగా చీలుతుంది, సిగ్నల్ సరిగ్గా లేనిచోట అందులో ఒక ముక్క వెనకబడుతుంది. పుష్‌లో 4,096 బైట్లుంటాయి కాబట్టి ఆ ఇరుకు లేదు, అయినా తాళం వేసిన స్క్రీన్ మీద కనపడేది ఒకటి రెండు వరసలే.

హెచ్చరికల మాట వచ్చింది కాబట్టి తిత్లీ తుపాను గురించి చెప్పాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గాలి శ్రీకాకుళం జిల్లాని ఊడ్చేస్తే, ఆ తర్వాతి వాన మా కొండల్ని ముంచింది. గజపతి జిల్లాలో బరాఘర అనే పల్లె దగ్గర, వాన నుంచి తలదాచుకోవడానికి కొండ గుహలోకి చేరినవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. కరెంటు పోయింది, టవర్లు పోయాయి. అలాంటి రోజున ఎంత బాగా రాసిన యాప్ అయినా ఏం చేయగలదు? తీరంలోని ఆరు జిల్లాల్లో ఒడిశా ప్రభుత్వం అదే ఏడాది సైరన్ టవర్లు పెట్టింది. గజపతికి సముద్రం లేదు, కాబట్టి ఆ టవర్లూ లేవు. తుపాను గాలి తీరంలో ఆగినా దాని వాన కొండలకి చేరుతుందన్నది ఆ లెక్కలో పడలేదు. ప్రాణాల మీదకొచ్చే కబురుని పుష్ ఒక్కదాని మీద వదలకూడదని నేననేది ఇందుకే. ఎస్సెమ్మెస్, మైకు కట్టిన ఆటో, ఊరి వార్డు మెంబరుకి ఫోన్ కాల్, గుడి మైకు, చర్చి మైకు, అన్నీ వాడాలి. యాప్ వాటిలో ఒకటి.

సెల్ బ్రాడ్‌కాస్ట్ మీద నాకు మంచి ఆశే ఉంది. 2023లో దేశమంతటా ఫోన్లు గట్టిగా కూసి పరీక్ష మెసేజ్ చూపించాయి గుర్తుందా, అదే. టవర్ తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చెబుతుంది. యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఎవరి నంబరూ తెలియనక్కర్లేదు. జనమంతా ఒకేసారి ఫోన్లు చేసుకుంటున్నప్పుడు కూడా దానికి ఇబ్బంది ఉండదు. అయితే ఏ టవర్ అన్నదే సరిహద్దులో ప్రశ్న. పర్లాకిమిడి శివార్లలో ఫోన్ పాతపట్నం టవర్ పట్టుకోవచ్చు, పాతపట్నంలో ఫోన్ మా టవర్ పట్టుకోవచ్చు. టవర్ ఏ రాష్ట్రానిదైతే ఆ భాషే పంపితే, ఏటి ఒడ్డున ఉన్నవాడికి అర్థంకాని భాషలో కూత వినపడుతుంది. సరిహద్దు బ్లాకుల్లో, మండలాల్లో ఉన్న టవర్ల నుంచి రెండు భాషల్లోనూ పంపాలి. కొరాపుట్, రాయగడ వాళ్లకీ ఇదే కావాలి. గోదావరి అవతల సిరోంచాలో మరాఠీ మెసేజ్‌ల మధ్య బతికే తెలుగువాళ్లకీ ఇదే కావాలి.

పనిలో నేను పట్టుదలగా చేసే పరీక్ష ఒకటుంది, కుర్రాళ్లెవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఫోన్‌ని రాత్రి ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. తెల్లారేలోపు సర్వర్ నుంచి రకరకాల మెసేజ్‌లు పంపాలి: కొన్ని గడువు తీరేవి, కొన్ని ఒకదాన్నొకటి తుడిచేవి, కొన్ని తప్పక ఉండాల్సినవి. పొద్దున్న ఫ్లైట్ మోడ్ తీసి, ఆ ఫోన్‌ని ఇంట్లో పెద్దవాళ్లకిచ్చి, ఇప్పుడు ఏది నిజమో చెప్పమనాలి. స్క్రీన్ చూసి వాళ్లు చెప్పలేకపోతే ఆ యాప్ ఇంకా పూర్తికాలేదు. మంచి ఆఫీసు వైఫై మీద చేసే పరీక్షల్లో ఇలాంటిదేదీ బయటపడదు.

ఇక భువనేశ్వర్‌లోనూ అమరావతిలోనూ వరద హెచ్చరికల యాప్‌లు రాసేవాళ్లని ఒకటి అడగాలనుంది. వంశధార కలహండిలో పుట్టి, రాయగడ జిల్లాలో గుణుపురం, ఆ తర్వాత కాశీనగర్ మీదుగా దిగి, ఆంధ్రాలో అడుగుపెట్టి గొట్టా బ్యారేజీకి వెళ్తుంది. పై గట్టున పెరిగిన నీరు కింది గట్టున ఉన్నవాడికి కావాల్సిన కబురు. ఆ ఇద్దరి మధ్య రాష్ట్రాల గీత ఉంది. యాప్‌లో మనుషుల్ని ‘ఒడిశా’, ‘ఆంధ్రప్రదేశ్’ అని రెండు గుంపులుగా విడగొట్టి పంపితే, నది మధ్యలో కబురు తెగిపోతుంది. ఫైర్‌బేస్‌లో ఒక ఫోన్‌ని రెండు వేల గుంపుల్లో దాకా చేర్చుకోవచ్చు. కాబట్టి రాష్ట్రాన్ని వదిలి నదిని బట్టి గుంపులు కట్టండి: వంశధార గుణుపురం దిగువ, వంశధార కాశీనగర్ దిగువ, మహేంద్రతనయ పర్లాకిమిడి దిగువ. గట్టుకి ఈ పక్కనున్న ఊరూ ఆ పక్కనున్న ఊరూ ఒకే గుంపులో ఉండాలి, ఎవరి భాషలో వాళ్లకి, పంపిన వేళ మెసేజ్‌లోనే రాసి, నీరు దాటిపోయాక తనంతట అదే చెరిగిపోయే గడువుతో రావాలి. దీనికి కొత్త టవర్లు అక్కర్లేదు, కొత్త ఒప్పందాలూ అక్కర్లేదు. గుంపుల పేర్లు మార్చి, రెండు వైపుల నీటిమట్టాలూ ఒకే సర్వర్‌లోకి తెచ్చుకుంటే, వచ్చే వానలకి ముందే ఇది నడవగలదు.